మామిడి రసానికి అయిదు, చక్కెర లేని కోలాకి నలభై

సూపర్‌మార్కెట్‌లో ఇచ్చిన బిల్లుని చదవకుండా జేబులో పెట్టుకోవడం నా వల్ల కాదు. ముప్పై నాలుగేళ్ళు లోకల్ ఫండ్ ఆడిట్‌లో పంచాయతీల పద్దులూ మున్సిపాలిటీల వోచర్లూ తిరగేసిన చేతులివి. కౌంటరు పక్కకి జరిగి, కళ్ళజోడు సవరించుకుని, పైనుంచి కిందదాకా చదివితేగాని కదలను. "తాతయ్యా, అందరూ చూస్తున్నారు" అంటాడు మనవడు. చూడనీ.

మొన్న ఆదివారం అలా చదువుతుంటే రెండు వరుసల దగ్గర కన్ను ఆగింది. మనవడు తీసుకున్న మామిడి రసం సీసా ఇరవై రూపాయలు. నేను తీసుకున్న డైట్ కోలా టిన్ను నలభై. షుగర్ వచ్చాక నాకు మిగిలిన విలాసం అదొక్కటే. మామిడి రసం మీద జీఎస్టీ 5 శాతం, అంటే ఆ ఇరవైలో తొంభై అయిదు పైసలు. నా టిన్ను మీద 40 శాతం, అంటే నలభైలో పదకొండు రూపాయల నలభై మూడు పైసలు. సీసా తిప్పి చూశాను. వంద మిల్లీలీటర్లకి పన్నెండు గ్రాముల పైచిలుకు చక్కెర. పావు లీటరు సీసా మొత్తానికి ముప్పై గ్రాములు, ఆరేడు చెంచాలన్నమాట. నా టిన్నులో సున్నా.

రోజు మొత్తానికి చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాడు కారు ఎక్కేలోపే ఆ కోటా దాటేశాడు. చక్కెర తాగినవాడికి పైసల్లో పన్ను, మానేసినవాడికి రూపాయల్లో. ఇలాంటి పద్దు ఏ పంచాయతీలో కనబడినా వెంటనే ఎర్ర సిరా తీసేవాణ్ణి.

ముందు నా సొంత పద్దు చెప్పాలి, లేకపోతే ఎవరి బరువు గురించి మాట్లాడే అర్హతా నాకు లేదు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. బాడీ మాస్ ఇండెక్స్ దాదాపు 30. రిటైరయ్యాక ఈ ఆరేళ్ళలో బరువు తగ్గడానికి పెట్టిన ఖర్చు ఒక నోటుబుక్కులో రాసి ఉంచాను. జిమ్‌కి ఏడాది చందా కట్టి వెళ్ళింది పదకొండు రోజులు. డైటీషియన్ ఫీజులు, ఓట్స్, చియా గింజలు, నడవడానికని రెండు జతల బూట్లు, ఇప్పుడు బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తున్న ట్రెడ్‌మిల్. అన్నీ కలిపి లక్షా నలభై ఆరు వేలు. తగ్గిన బరువు రెండు కిలోలు. కిలోకి డెబ్బై మూడు వేలు పడింది. అదీ మా మేనకోడలి పెళ్ళి ముందు దాకానే.

నవ్వుకోండిగానీ, ఆర్థికవేత్తలు దేశాల స్థాయిలో చేసే లెక్క సరిగ్గా ఇదే. ఊబకాయం రాకుండా ప్రభుత్వం ఎన్నో చేయొచ్చు: పన్ను వేయొచ్చు, ప్రకటనలు ఆపొచ్చు, ప్యాకెట్ మీద హెచ్చరిక పెట్టించొచ్చు, బడిలో పాఠం చెప్పించొచ్చు, ఆపరేషన్‌కి డబ్బులివ్వొచ్చు. ఏది పనిచేస్తుందని అడగడం సగం ప్రశ్నే. పెట్టిన రూపాయికి ఏది ఎంత చేస్తుందన్నది మిగతా సగం. కొలవడానికి వాళ్ళకొక కొలమానం ఉంది. పూర్తి ఆరోగ్యంతో బతికిన ఒక ఏడాదిని ఒకటి అనుకుంటారు. మోకాళ్ళు పట్టేసి, ఇన్సులిన్ పొడుచుకుంటూ బతికిన ఏడాదిని అందులో కొంత భాగమే అనుకుంటారు. ఒక పథకం వల్ల అలాంటి ఆరోగ్యవంతమైన ఏళ్ళు ఎన్ని కలిసొచ్చాయి, ఒక్కో ఏడాదికి ఎంత ఖర్చయింది అని లెక్క తీస్తారు. ఆస్ట్రేలియాలో డీకిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఇలా పదహారు చర్యల్ని వరసలో నిలబెట్టి తూకం వేశారు. ఆరోగ్యవంతమైన ఏడాదికి 50 వేల ఆస్ట్రేలియా డాలర్ల లోపు పడితే గిట్టుబాటు అన్నది వాళ్ళు గీసుకున్న గీత. తీపి పానీయాల మీద పన్ను లాంటివైతే ఆ గీత దాకా కూడా రాలేదు. పెట్టిన ఖర్చుకన్నా ఆసుపత్రి ఖర్చు తగ్గిందే ఎక్కువ, అంటే ఆరోగ్యమూ దక్కింది, ఖజానాలో డబ్బూ మిగిలింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో రెండూ కలిసొచ్చిన పథకాన్ని నేనైతే చూడలేదు.

ఎందుకలా అన్నది నాకు ఆ నివేదికల కన్నా మా నాన్న ముందే చెప్పారు. మాది తణుకు. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు. క్రషింగ్ మొదలైతే చెరకు బళ్ళ వరసా, ఊరంతా మడ్డి వాసనా. నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. బిళ్ళల సీసాలు మూడడుగుల ఎత్తున, కల్లా పక్కనే ఉండేవి. నేను పై అరలో సర్దితే తిట్టి మళ్ళీ కిందకి దింపించారు. "పిల్లాడి కన్ను ఎక్కడుంటే సీసా అక్కడుండాలిరా" అనేవారు. గోలీ సోడా ధర ఓ వేసవిలో పది పైసలు పెంచితే సాయంత్రం బేరం ఎంత పడిపోయిందో పుస్తకం చూసి చెప్పేవారు. మాస్టారు బడిలో "బిళ్ళలు తింటే పళ్ళు పుచ్చుతాయి" అని పాఠం చెప్పిన రోజు బేరం ఏమీ పడిపోలేదు. నాన్న నవ్వుతూ చెప్పిన ఈ మాటకి బరువెంతో నాకు మెక్సికో గురించి చదివేదాకా తెలియలేదు.

మెక్సికో కూల్‌డ్రింకుల దేశం. అక్కడ ఆ వ్యాపారం ఎంత పెద్దదంటే, 2000 నుంచి 2006 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్న విసెంటె ఫాక్స్ అంతకుముందు కోకాకోలా కంపెనీకి మెక్సికోలో అధిపతి. అలాంటి చోట 2014 జనవరి 1 నుంచి తీపి పానీయాల మీద లీటరుకి ఒక పెసో పన్ను వేశారు. ధరలో సుమారు పదో వంతు. జంతికల్లాంటి, చాక్లెట్లలాంటి అధిక కేలరీల చిరుతిళ్ళ మీద ఇంకో 8 శాతం. కంపెనీలు గగ్గోలు పెట్టాయి, ఉద్యోగాలు పోతాయన్నాయి, పేదవాడి నోటి దగ్గర సీసా లాక్కుంటున్నారన్నాయి.

మొదటి ఏడాది ఆ పానీయాల కొనుగోళ్ళు సగటున 6 శాతం తగ్గాయి. డిసెంబరు నెల ఒక్కటే తీసుకుంటే 12 శాతం. పేద కుటుంబాల్లో అదే డిసెంబరులో 17 శాతం. పన్ను లేని పానీయాల కొనుగోళ్ళు 4 శాతం పెరిగాయి, అందులో ఎక్కువ భాగం మామూలు నీళ్ళే. రెండో ఏడాది తగ్గుదల ఇంకా పెరిగి దాదాపు 10 శాతానికి చేరింది. ప్రకటనలకి, పాఠాలకి కదలని జనం ఒక్క పెసోకి కదిలారు.

2019లో పరిశోధకులు ఖర్చు లెక్క కట్టారు. పదేళ్ళలో దాదాపు 2 లక్షల 40 వేల మందికి ఊబకాయం రాకుండా ఆగుతుంది, అందులో 39 శాతం పిల్లలే. 61 వేల మందికి పైగా మధుమేహం తప్పుతుంది. పన్ను అమలుకి పెట్టిన ప్రతి డాలరుకీ వైద్యఖర్చుల్లో 3 డాలర్ల 98 సెంట్లు ఆదా. పన్నుని రెండు పెసోలు చేస్తే ఆదా కూడా దాదాపు రెట్టింపు.

ఇక్కడ ఆడిటరుగా ఒక మాట. ఇవి జరిగిపోయినవాటి వోచర్లు కావు, అంచనాలు. కొనుగోలు తగ్గడం చూసిన సంగతి. ఆ తగ్గినదాన్నిబట్టి బరువు, బరువునుబట్టి జబ్బు, జబ్బునుబట్టి ఖర్చు అంటూ కంప్యూటరులో పదేళ్ళు ముందుకి నడిపించి తేల్చిన అంకె అది. మనిషి కోలా మానేసి దాని బదులు బన్ను తింటే ఆ గొలుసులో ఒక లంకె తెగిపోతుంది. మెక్సికోలో ఊబకాయం మాయమైపోలేదు కూడా. అయినా ఈ అంకెల్ని నేను ఎందుకు కొట్టేయనంటే, ఎదుటి పద్దు మరీ చిన్నది కాబట్టి. ఆ పన్ను వసూలు చేయడానికి కొట్టుకొట్టుకీ మనిషిని పంపక్కర్లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గరో, దిగుమతి దగ్గరో పట్టుకుంటే చాలు. నా డైటీషియన్ ఒక మనిషిని మార్చడానికి ఆరు నెలలు కష్టపడి ఓడిపోయింది. ఆ గేటు దగ్గర కూర్చున్న గుమాస్తా లక్షల ఇళ్ళ ఫ్రిజ్‌లలోకి ఒకేసారి చెయ్యి పెట్టాడు. చవక అంటే అదీ.

బ్రిటన్ వాళ్ళది ఇంకా గడుసుతనం. 2016 మార్చి బడ్జెట్‌లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ కూల్‌డ్రింకుల మీద పన్ను ప్రకటించారుగానీ, అమలు 2018 ఏప్రిల్ నుంచి. ఆ రెండేళ్ళ గడువులోనే ఉంది కిటుకు. వంద మిల్లీలీటర్లలో 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే పన్ను లేదు. 5 నుంచి 8 గ్రాముల దాకా మొదట్లో లీటరుకి 18 పెన్నీలు. 8 దాటితే 24. తాగేవాడి బుద్ధి మార్చడం కాదు, తయారుచేసేవాడి వంటకం మార్చడం వాళ్ళ ఎత్తుగడ. కంపెనీలు గీత కిందకి రావడానికి పోటీపడ్డాయి. 2015లో మార్కెట్లో ఉన్న పానీయాల్లో 49 శాతం ఆ 5 గ్రాముల గీత పైన ఉండేవి. 2019 నాటికి 15 శాతమే మిగిలాయి. మొదట 52 కోట్ల పౌండ్లు వస్తాయనుకున్న పన్ను అంచనాని సగానికి పైగా తగ్గించుకోవాల్సి వచ్చింది. రాబడి పడిపోయిందని సంతోషించాల్సిన పద్దు నా జన్మలో ఇదొక్కటే. ఆ పన్ను తర్వాత పది, పదకొండేళ్ళ ఆడపిల్లల్లో ఊబకాయం 8 శాతం మేర తగ్గినట్టు కేంబ్రిడ్జ్ పరిశోధకులు లెక్క తేల్చారు. మగపిల్లల్లో మాత్రం ఏ తేడా కనబడలేదు.

అన్ని పన్నులూ ఇలా కలిసిరావు. డెన్మార్క్ 2011 అక్టోబరులో వెన్న, చీజు, మాంసం వేటినీ వదలకుండా సంతృప్త కొవ్వు మీద పన్ను వేసింది. జనం సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుక్కొచ్చుకున్నారు. పదిహేను నెలలకే ఎత్తేశారు. మన పక్కన కేరళలో 2016 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి థామస్ ఐజాక్ పెద్ద బ్రాండ్ల రెస్టారెంట్లలో అమ్మే బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం 'కొవ్వు పన్ను' వేశారు. పత్రికలన్నీ రాశాయి. వస్తుందనుకున్నది పది కోట్లు. వీధి చివర పరోటా, నూనెలో వేగే అరటికాయ చిప్స్ ఆ వలలో పడనే లేదు. ఏడాది తిరక్కుండానే జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. వల వేయాల్సింది చేపలున్న చోట.

మన జీఎస్టీలో ఆ వల ఎక్కడుంది? నా బిల్లు దగ్గరకే వస్తాను. గ్యాస్ నింపిన తీపి పానీయాల మీద 2017 నుంచీ 28 శాతం జీఎస్టీ, దానికి తోడు 12 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ కలిపి ఒకే 40 చేశారు. చూడ్డానికి మెక్సికో మొదట వేసినదాని కన్నా నాలుగు రెట్లు గట్టి పన్ను. కానీ అది గ్యాసుని చూస్తుంది, చక్కెరని చూడదు. చక్కెర పది గ్రాములున్నా నలభయ్యే, సున్నా అయినా నలభయ్యే. ఇక కంపెనీ చక్కెర ఎందుకు తగ్గించాలి? గ్యాస్ లేని పండ్ల రసం పానీయాలు అదే రోజున 12 నుంచి 5కి దిగాయి. పన్ను ధర మీద లెక్కగానీ లీటరు మీద కాదు కాబట్టి, పది రూపాయల చిన్న సీసాకి పడే భారం కూడా చిన్నదే. బ్రిటన్ పాఠంలో మనం సగమే చదివాం, అదీ కష్టమైన సగం. పన్ను వేయడమనే అప్రతిష్ఠ మూటగట్టుకుని, లాభం మాత్రం వదిలేసుకున్నాం.

అదే సెప్టెంబరు 22న బిస్కెట్లు, చాక్లెట్లు 18 నుంచి 5కి, మిక్చరు, కారప్పూస లాంటివి 12 నుంచి 5కి దిగాయి. మా ఆవిడ సంతోషించింది. దాచడం ఎందుకు, నేనూ సంతోషించాను. సంసారి ఇంటికి ఆ తగ్గింపు అవసరమే. నా అభ్యంతరమల్లా, ఆ ఫైలు మీద ఆరోగ్యం తరఫున నోట్ రాసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అనే.

ఎందుకంటే ఇది ఎవరో అమెరికావాళ్ళ జబ్బు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 24 శాతం అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. తెలంగాణలో 30.1. మగవాళ్ళ సంగతికొస్తే ఆంధ్రాలో 31.1, తెలంగాణలో 32.3. అదే సర్వే అవే రాష్ట్రాల్లో అయిదేళ్ళ లోపు పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది వయసుకి తగ్గ ఎత్తు లేరని కూడా చెప్పింది. కుండలో కూడు కుండలో ఉండగానే బిడ్డ దుడ్డులా ఉండాలని మనకో సామెత. ఇప్పుడు తల్లి బొద్దుగా, బిడ్డ గిడసగా, ఒకే ఇంట్లో ఒకే కుండ నుంచి. ఇక్కడే మెక్సికో లెక్క మనకి యథాతథంగా అతకదు.

మన బరువు ప్రధానంగా సీసాలోంచి రాదు. అప్పట్లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న సంజయ్ బసు, మరికొందరు పరిశోధకులు భారతదేశానికే ప్రత్యేకంగా లెక్క కట్టారు. తీపి పానీయాల మీద 20 శాతం పన్ను వేస్తే 2014 నుంచి 2023 మధ్య అధిక బరువు 3 శాతం, కొత్తగా వచ్చే మధుమేహం 1.6 శాతం తగ్గొచ్చని తేలింది. లాభమేగానీ కొండంతేం కాదు. అదే బృందం పామాయిల్ మీద 20 శాతం పన్నుకీ లెక్క వేసింది. పదేళ్ళలో గుండెపోటు, పక్షవాతం వల్ల పోయే ప్రాణాల్లో సుమారు 3 లక్షల 63 వేలు నిలుస్తాయన్నది ఆ అంచనా. అయితే నూనె ధర పెరిగితే తిండికే ఇబ్బందిపడే ఇళ్ళు ఎక్కువవుతాయని కూడా వాళ్ళే హెచ్చరించారు. కోలా మానేసిన పేదవాడికి పోయేదేమీ లేదు. నూనె మానేస్తే కూరే ఉండదు.

పామాయిల్ అనగానే నాకు రేషన్ షాపు గుర్తుకొస్తుంది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 'అమ్మహస్తం' సంచి ఎవరికి గుర్తులేదు? 185 రూపాయలకి తొమ్మిది సరుకులు, అందులో ఒకటి పామోలిన్ ప్యాకెట్టు. దేశంలో ఆయిల్‌పామ్ ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే. పెదవేగిలో దానికి జాతీయ పరిశోధనా సంస్థ ఉంది. మా తణుకు చుట్టాల్లోనే ఇద్దరు కొబ్బరి తీసేసి ఆయిల్‌పామ్ వేశారు. బజ్జీల బండి మీద, బిస్కెట్ ప్యాకెట్‌లో, మిక్చరు పొట్లంలో ఉండేది చాలామటుకు ఆ నూనే. ముడి పామాయిల్ మీద కేంద్రం 2024 సెప్టెంబరులో ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే చివర మళ్ళీ 10కి దించింది. పెంచింది రైతు కోసం, దించింది ధరల కోసం. రెండూ న్యాయమైన కారణాలే. కానీ నూటనలభై కోట్ల మంది మూకుడులో ఎంత నూనె పడాలో తేల్చేది ఆ కాగితమే. అందులో ఆరోగ్యం ఊసే ఉండదు. ఊబకాయం మీద మనకి విధానం లేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను. ఉంది, కస్టమ్స్ నోటిఫికేషన్ల రూపంలో ఉంది. అది విధానమని దాన్ని రాసేవాళ్ళకి తెలియదంతే.

ఇంకో పక్క ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైనప్పటినుంచీ గుండెకి స్టెంటు, బైపాస్ లాంటివాటికి ప్రభుత్వం ఆసుపత్రులకి డబ్బు కడుతూనే ఉంది. కట్టాలి కూడా, మా వీధిలో ఇద్దరు ఆ కార్డు వల్లే బతికారు. కానీ కేంద్రమో రాష్ట్రమో, సర్కారే ఒక కిటికీలోంచి నూనెని చవక చేస్తూ, ఇంకో కిటికీలోంచి మూసుకుపోయిన రక్తనాళాలకి బిల్లు కడుతుంటే, ఆ రెండు పద్దుల్నీ ఒక్క పేజీలో పెట్టి చూసేవాడొకడు ఉండాలి కదా. మా శాఖలో దాన్ని రీకన్సిలియేషన్ అనేవాళ్ళం.

ఆ పేజీ నన్ను రాయమంటే మొదటి వరుస పన్ను కాదు, ప్యాకెట్ ముఖాన హెచ్చరిక. దాదాపు ఖర్చు లేని పని. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లటి ఎనిమిది మూలల ముద్ర తప్పనిసరి చేసింది, పిల్లల్ని ఆకర్షించే బొమ్మల్ని తీయించింది. బడుల్లో అమ్మకమూ, పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలూ ఆపింది. ఏడాదిన్నరలో ఆ ముద్ర పడాల్సిన పానీయాల కొనుగోళ్ళు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో ముద్రకి బదులు నక్షత్రాలు ఇద్దామని ముసాయిదా తెచ్చింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నక్షత్రాలంటే నాకు భయం. అర నక్షత్రం వచ్చినా అది మెచ్చుకోలులాగే కనబడుతుంది. మూడో తరగతి మార్కు తెచ్చుకుని కూడా పాసయ్యానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, నాకు తెలుసు. రెండో వరుస, గ్యాసుని వదిలి చక్కెర గ్రాముల్నిబట్టి పన్ను. మూడో వరుస దగ్గర, నూనె దగ్గర, పెన్ను ఆగుతుంది. అక్కడ పేదింటికి వేరే దారి చూపించకుండా సుంకం పెంచమని రాయలేను.

నూనె సంగతి కనీసం మా ఇంట్లోనైనా తేలుద్దామని కూర్చున్నాను. మేముండేది హబ్సిగూడలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకి నడిచి వెళ్ళే దూరం. వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల భోజనంలో మనిషికి రోజుకి నూనె 27 గ్రాములు. మా ఇంట్లో మా ఇద్దరికీ, మనవడికీ కలిపి నెలకి నాలుగు లీటర్ల ప్యాకెట్లు. లీటరుకి 910 గ్రాముల చొప్పున 3640 గ్రాములు. ముగ్గురికీ ముప్పై రోజులకీ పంచితే తలకి నలభై. ఈ నెల నుంచి మూడు ప్యాకెట్లకి మించకూడదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, వంటింట్లో స్టవ్ పైన అంటించాను.

మా ఆవిడ పోపు వేస్తూనే చదివింది. "మరి ఆవకాయ జాడీలో పప్పునూనె ఏ పద్దులో వేశారండీ?" అంది.

ఆరు కిలోల ముక్కలకి నాలుగు కిలోల నూనె. ఆ వోచరు నేను చూడనే లేదు.